బొంత మధ్యలో ఖాళీ గడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. మా మామ్మకు సూదిలో దారం ఎక్కించి పెట్టడం. ఆవిడ చూపు అప్పటికే మసకబారింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక డెలానీపూర్‌లో మా క్వార్టర్ వరండాలో చాప పరిచి, పాత చీరలు ముందేసుకుని కూర్చునేది. నేను నాలుగైదు సూదులు సిద్ధం చేసి చాపకు గుచ్చి పెట్టేదాన్ని. ఆ పని నాకు తప్ప ఇంకెవరికీ చేతకాదని నా నమ్మకం.

శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడలిగా ఓడెక్కి ఈ దీవులకు వచ్చినప్పుడు మామ్మ వెంట తెచ్చుకున్న విద్య బొంతలు కుట్టడం. ఎవరింట పురుడు వచ్చినా, పెళ్ళి జరిగినా మా ఇంటి నుంచి రంగురంగుల బొంత వెళ్ళాల్సిందే. ఆవిడకొక పద్ధతి ఉండేది. ఎవరి గుడ్డనీ అడగకుండా కత్తిరించదు. వాళ్ళు ఇస్తామన్నాక, ఆ ముక్కకు మొదటి కుట్టు వాళ్ళ చేతనే వేయిస్తుంది. మగవాళ్ళకూ మినహాయింపు లేదు. లుంగీ ఇచ్చిన పాపానికి మా నాన్న కూడా నాలుక కరుచుకుంటూ ఒక కుట్టు వేశాడు. నాకూ ఒక బొంత కుడతానని మామ్మ మాటిచ్చింది గానీ, ఊళ్ళో పురుళ్ళు ఆగితేగా నా వంతు రావడానికి!

నాకు పదేళ్ళప్పుడు భూకంపం, దాని వెంటే సునామీ వచ్చాయి. మా ఇల్లు ఎత్తు మీద ఉండడంతో గోడలు బీటలువారి ఊరుకున్నాయి. దక్షిణాన ఉన్న దీవుల నుంచి మాత్రం ఓడల నిండా జనం వచ్చారు. మా దగ్గర్లోని స్కూల్లో క్యాంపు పెట్టారు. మామ్మ చూసొచ్చి, పిల్లలు సిమెంటు నేల మీద పడుకుంటున్నారని బాధపడింది. మా దీవుల్లో చలి ఉండదు. బొంత ఒంటి మీదికి కాకపోయినా ఒంటి కిందికి కావాలి. ఆ రోజు నుంచి కుట్టిన ప్రతి బొంతా క్యాంపుకే వెళ్ళింది. ఇరుగుపొరుగు బెంగాలీ, తమిళ ఆడవాళ్ళందరూ చీరలు తెచ్చి, మా వరండాలో కూర్చుని తలో కుట్టూ వేసి వెళ్ళేవారు.

ఒకరోజు మామ్మ క్యాంపు నుంచి ఒక పిల్లను వెంటబెట్టుకొచ్చింది. నా ఈడుదే. దక్షిణపు దీవిలోని హట్ బే నుంచి వాళ్ళ పిన్నితో వచ్చింది. అమ్మానాన్నలు ఇంకా దొరకలేదని మామ్మ వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది. నాకు చాలా జాలేసింది. ఆ జాలి ఆ పిల్ల సూది అందుకునేవరకే ఉంది.

దారం కొసను మూడుసార్లు నోట్లో తడిపితే గాని నాకు ఎక్కదు. ఆ పిల్ల ఒక్కసారికే ఎక్కించేసింది. వాళ్ళ నాన్న వలలు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకుందట. "అబ్బో, ఈ గుంట సెయ్యి సూడండర్రా!" అని మామ్మ మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి రోజూ వచ్చేది. మామ్మ కుడిపక్కన, నా చోట్లో కూర్చునేది. "తల్లీ" అని మామ్మ నన్ను పిలిచే పిలుపు కూడా దానికే వెళ్ళిపోయింది. అమ్మానాన్నలు లేని పిల్ల మీద కుళ్ళుకోకూడదని నాకు తెలుసు. తెలిసీ కుళ్ళుకున్నాను.

క్యాంపుకు దానం బట్టలు ఎన్ని వచ్చినా అది ఎప్పుడూ ఒక నీలం గౌనే వేసుకునేది. హట్ బేలో తమ ఇంటి నుంచి ఒంటి మీద వచ్చింది అదొక్కటే. ఒకనాడు చూస్తే దాని కింద కుచ్చు లేదు. అంచు వంకరటింకరగా తెగి ఉంది. నా స్నేహితురాళ్ళ ముందు, "చూహా ఖా గయా క్యా? ఎలక కొరికేసిందా ఏటి?" అని పకపకా నవ్వాను. అది గౌనును మోకాళ్ళ మీదికి లాక్కుంది. ఆ పూట నేను అన్నం ఇష్టంగా తిన్నాను.

ఆ వారంలోనే మామ్మ నా పసుపు పరికిణీ అడిగింది. ఎర్రంచుది. పొట్టిదైపోయి ఏడాదైంది. ఎవరి బొంతకని అడిగాను. ఆ పిల్లకేనంది. నాకు కుడతానన్న బొంత దానికి కుడుతున్నావా అని ఏడ్చి, అరిచి, పరికిణీని నా పుస్తకాల కింద దాచేశాను. మామ్మ తిట్టలేదు. "నీ గుడ్డ, నీ ఇష్టం" అంది, అంతే.

బొంత మాత్రం ఆగలేదు. చుట్టూ ముక్కలన్నీ చేరాయి. నట్టనడుమ ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. అక్కడ అడుగున వేసిన తెల్ల పంచె కనబడేది. ఇదేమిటని ఎవరడిగినా మామ్మ ఒకటే జవాబు చెప్పేది. "ఆ గుడ్డ మనిషి ఇంకా రానేదు." రోజూ ఆ మాట వింటూ వినబడనట్టు తిరిగాను.

ఇంతలో హట్ బేలో రేకుల షెడ్లు వేశారని, క్యాంపు వాళ్ళను మర్నాడు పొద్దున్నే ఓడలో పంపేస్తారని తెలిసింది. మామ్మ ఖాళీ గడితోనే బొంతను మడతపెట్టింది. నాదే గెలుపనుకున్నాను. మిగిలిన పేలికలు పెట్టెలో పెట్టి రమ్మంటే హుషారుగా వెళ్ళాను. పెట్టె అడుగున సగం కుట్టిన ఇంకో బొంత ఉంది. అమ్మ పెళ్ళి చీర ముక్క, నాన్న లుంగీ ముక్క గుర్తుపట్టాను. నట్టనడుమ ఒక నీలం కుచ్చు ఉంది. దాని మీద మొదటి కుట్టు చిన్నగా, తిన్నగా ఉంది.

మామ్మ నా వెనకే వచ్చి నిలబడింది. "అది నీదేనే. నీకని సెప్పగానే ఆ గుంట కత్తెర అడిగినాది. రోజూ ఎవులో ఒకలు ఇత్తంటే తీసుకోడమేనా మామ్మా, నానూ ఏటైనా ఇత్తానంది."

సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. పుస్తకాల కింద నుంచి పరికిణీ లాగి వరండాలోకి పరిగెత్తాను. ఆ పిల్ల మామ్మకు చెప్పి వెళ్ళడానికి వచ్చి కూర్చుని ఉంది. పరికిణీ దాని ఒళ్ళో పెట్టాను. అది చూసి, సూదిలో దారం ఎక్కించి నాకందించింది. మామ్మ ముక్క కత్తిరించి ఖాళీ గడిలో పరిచింది. నేను వేలు పొడుచుకుని మరీ మొదటి కుట్టు వేశాను. అది తల వంచి చూసి, "థోడా టేఢా హై, కాస్త వంకర. పర్లేదు, గట్టిగుంది" అని నవ్వింది. గౌను గురించి అన్న మాటకు క్షమించమని అడగాలనుకున్నాను. అడగకుండానే బొంతను మడతపెట్టి దాని చేతిలో పెట్టాను. పొద్దున్న ఓడ వెళ్ళిపోయింది. మళ్ళీ దాన్ని చూడలేదు.

నా బొంత పూర్తిచేసిన కొన్నేళ్ళకు మామ్మ పోయింది. ఇప్పుడు బొంతలు నేను కుడుతున్నాను, నా కూతురు దారం ఎక్కిస్తుంది. ఎవరికైనా బొంత ఇచ్చే ముందు వాళ్ళనీ ఒక ముక్క అడుగుతాను. ఎంత లేనివాళ్ళయినా సరే, అడుగుతాను. వాళ్ళ ముక్క పక్కవాళ్ళ బొంతలోకి వెళుతుంది.

నా బొంత ఉతికి ఉతికి పలచబడింది. నీలం వెలిసిపోయింది గానీ ఆ చిన్న కుట్టు ఊడలేదు. ఈ వయసులోనూ ఎవరినో చూసి నాకు కడుపు మండుతూనే ఉంటుంది. అప్పుడు వెళ్ళి ఆ గడి మీద చెయ్యి పెట్టుకుంటాను. నాకివ్వడం కోసం పొట్టిదైన గౌనును చూసి నేను నవ్విన నవ్వు నాకు వినబడుతుంది.