పాట కింద గొంతు

మన ఫంక్షన్ వీడియోల్లో మనుషుల మాటలు ఎవరికీ అక్కరలేదు. కెమెరాలో పడిన శబ్దమంతా తీసేసి, పైన పాటలు వేసి ఇస్తేనే వీడియో బాగుందంటారు. ఇండియాకు దూరంగా నేనుండే స్కోఫీల్డ్స్‌లో శని, ఆదివారాలు నేను చేసే పని ఇదే. వారమంతా ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఉద్యోగం, వారాంతంలో ఎవరెవరివో గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు. స్క్రీన్ మీద ఊరంతా నవ్వుతూ ఉంటుంది, గదిలో మాత్రం నేనొక్కడినే. అలవాటైపోయిందని అందరికీ చెబుతాను. అది అబద్ధం. ఆదివారం సాయంత్రం అయితే చాలు, నాకు దిగులు పట్టుకుంటుంది.

అలాంటి ఒక సాయంత్రం పక్కపేట ద పాండ్స్ నుంచి ఒక అంకుల్ వచ్చారు. రిటైరైన డాక్టరు. మూడేళ్ల కిందట వాళ్ల గృహప్రవేశానికి నేనే వీడియో తీశాను. ఈమధ్యే ఆంటీ పోయారు. నేనిచ్చిన వీడియోలో ఆమె నోరు కదులుతుందే తప్ప పాటల్లో ఒక్క మాటా వినపడదట. ఫోన్‌లోనూ ఆమె గొంతు లేదట. ఎప్పుడూ పక్కనే ఉండే మనిషి నాకు వాయిస్ మెసేజీ ఎందుకు పెడుతుంది అన్నారు.

"పాటలన్నీ తీసెయ్యవయ్యా. మీ ఆంటీ వాయిస్ ఎక్కడైనా ఉందేమో, అది చూడు."

నా అదృష్టం, పాత క్లిప్పులు చెరిపెయ్యలేదు. ఏది ఎప్పుడు తీసిందో తెలియడానికి సాఫ్ట్‌వేర్‌లో క్లిప్ వివరాలు బొమ్మ మీదే కనపడేలా పెట్టాను. పైన క్లిప్ పేరు, కింద టైమ్‌కోడ్, అంటే తీసినప్పుడు కెమెరా గడియారంలో ఉన్న టైము. అంకుల్ ఆ అంకెలు చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు. తెల్లారి ముహూర్తమైతే ఇక్కడ అర్ధరాత్రి దాటినట్టుందేమిటి, ఇవి వేరేవాళ్లవేమో అన్నారు. నాకు సిగ్గేసింది. విజయవాడలో కొన్న కెమెరా అది, ఇన్నేళ్లూ దాని గడియారం ఇక్కడికంటే నాలుగైదు గంటలు వెనకుండే ఇండియా టైములోనే ఉండిపోయింది. మార్చబుద్ధి కాలేదు, అంతే. ఆ మాట చెబితే ఆయన నవ్వలేదు.

"మా కిచెన్‌లో క్లాకూ అంతే. మీ ఆంటీ పెట్టింది" అన్నారు.

ఒక్కో క్లిప్ తెరుస్తూ పోయాను. పూజలో అన్నీ పంతులుగారి మంత్రాలే. పాలు పొంగించేటప్పుడు ఆంటీ ఆయన వైపు తిరిగి నవ్వుతూ ఏదో అన్నారు, కానీ హోమం పొగకి ఇంట్లో స్మోక్ అలారం మోగిపోతోంది. శబ్దం తగ్గించి, పెంచి, నాకు తెలిసిన తిప్పలన్నీ పడ్డాను. అలారమే వినపడింది. అంకుల్ ముఖం చూడలేకపోయాను.

చివరికి భోజనాల క్లిప్ మిగిలింది. గరాజ్‌లో అందరూ తింటున్నారు. ఆంటీ చేతిలో ఖాళీ ప్లేటుతో నేరుగా కెమెరా దగ్గరికి వచ్చారు. గొంతు ఖంగుమని వినపడింది.

"తిన్నావా బాబూ? నిన్నెవరూ పిలిచినట్టు లేదే. ఆ కెమెరా పక్కన పెట్టి రా."

ఆ తర్వాత మాట లేదు. బొమ్మ ఒకసారి కిందికీ పైకీ ఊగింది. ఆమె వెళ్లిపోయారు. ఉన్నదంతా అంతే.

నాతో ఏదైనా అంటుందేమో అనుకున్నానయ్యా అన్నారు అంకుల్. ఆయనకు దక్కాల్సిన మాట నాకు దక్కింది, అదీ నేను మర్చిపోయిన మాట. బొమ్మ అలా ఊగిందేమని అడిగారు. రికార్డింగ్ నడుస్తుంటే మేం నోరు విప్పం, మా గొంతు కూడా అందులో రికార్డయిపోతుంది, అందుకే తిన్నానని తలూపాను అన్నాను.

"తిన్నావా మరి?"

"లేదంకుల్."

ఆయన మళ్లీ పెట్టమన్నారు. పెట్టాను. ప్లేటు పట్టుకుని ఆమె మళ్లీ అడిగారు. అంకుల్ స్క్రీన్ మీదికి వంగారు.

"తినలేదే. ఈ అబ్బాయి ఆ రోజు అసలు తిననే లేదు" అన్నారు ఆమెతో.