రెండో పిలుపు

దరఖాస్తులో ఆఖరి ప్రశ్న, నీ బలహీనత ఏమిటి అని. కోపం అని రాశాను. అబద్ధమేమీ కాదు. ఓడిపోతే ఫోన్ విసిరికొట్టే రకాన్ని నేను, రెండు ఫోన్లు అలాగే పోయాయి. కానీ అసలు బలహీనత వేరే ఉందని, మాటలు వచ్చినప్పటి నుంచీ దాన్ని మోస్తున్నానని నాకప్పటికి తెలియదు.

కోయంబత్తూరులో ఒక జట్టువాళ్ళు అమ్మాయిల కోసం ఇల్లు తీసుకున్నారు. ఐదుగురు అక్కడే ఉండి, అక్కడే తిని, పగలంతా ఫోన్లలో తుపాకుల ఆట ఆడుతూ పోటీలకు తయారవుతారు. ఆటలో నలుగురు దిగుతారు, ఐదో మనిషి మారుగా ఉంటుంది. అందులో ఒక్క చోటు ఖాళీ. మైకు తెరిచిపెట్టి, మాట్లాడిన మాటలతో సహా మూడు ఆటలు రికార్డు చేసి పంపమన్నారు. పంపాను. పది రోజులు వచ్చి ఉండు, చూసి చెబుతాం అని జవాబు వచ్చింది.

మాది ఉడుమలైపేట అవతల, కొబ్బరి తోటల మధ్య ఇల్లు. నాన్నది పీచు మిల్లు. డిగ్రీ రెండో ఏడు మధ్యలో నేను కాలేజీ మానేసినప్పటి నుంచి చుట్టాలందరి లెక్కలో చెడిపోయిన పిల్లను. నాన్న మాత్రం ఒక మాట అన్నాడు. "ఒక తూరి పోయి చూడు. చోటు దొరక్కుంటే మళ్ళా ఆ ఫోన్ మాట ఎత్తకూడదు, మిల్లులో వచ్చి కూచోవాలి. సరియా?" సరే అన్నాను. మిల్లు ఆఫీసులో పీచు దుమ్ము పీలుస్తూ లారీలకు చీటీలు రాయడం తలుచుకుంటేనే ఊపిరాడలేదు. ఆ ఒక్క చోటు నాకు రావాలి, అంతే.

ఇక మా ఇంటి పద్ధతి గురించి చెప్పాలి. మా ఇంట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటిసారికి పలకం. రెండోసారి పిలిస్తేనే పలుకుతాం. ఎందుకంటే అది ఒక్కసారే పిలుస్తుంది. రెండోసారి పిలిచే శక్తి దానికి లేదు. అది అంటే ఏమిటని చిన్నప్పుడు అడిగితే అవ్వ, అంటే మా నాన్న తల్లి, నా నోటి మీద వేలు పెట్టేది. దయ్యం అని కూడా అనేది కాదు, ఉత్త "అది" అనేది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు మాకందరికీ చెవుడని అనుకుంటారు. నాన్న ఫోన్ కూడా మొదటిసారి మోగితే ఎత్తడు. ఆ సంగతి తెలిసిన వ్యాపారులు ఒకసారి కొట్టి, పెట్టేసి, మళ్ళీ కొడతారు. అనుమానం పెనుభూతం అని పైకి నవ్వుతాడు గానీ ఆయన కూడా అంతే.

అవ్వకు ఒక అక్క ఉండేదట. పన్నెండేళ్ళ పిల్ల. ఒకరోజు ఉచ్చి పొద్దున, అంటే సూర్యుడు నడినెత్తిన ఉన్న వేళ, బావి వైపు నుంచి వాళ్ళమ్మ గొంతు పేరు పెట్టి పిలిచింది. ఆ పిల్ల "వస్తుండా" అంది. వాళ్ళమ్మ వంటింట్లో ఆ పిల్ల పక్కనే కూర్చుని చింతపండు పిసుకుతూ ఉంది.

"పోను కూడా పోలే," అనేది అవ్వ. "కూచున్న తావు నుంచి లేవలే. పలికె, అంతే. మూడు దినాలు జరం. నాలుగో దినం అక్క లేదు."

అందుకే మా మిల్లులో పీచు కొట్టే యంత్రం మధ్యాహ్నం అన్నాల వేళకు ఆగిపోయి, ఒక్కసారిగా తోటంతా చప్పుడు లేకుండా అయినప్పుడు, అవ్వ నన్ను దగ్గరకు లాక్కుని కూర్చోబెట్టుకునేది. నేను పుట్టినప్పుడు బతకననుకున్నారట. దానికి నా మీద ఆశ పుట్టకుండా అవ్వ నాకొక చెత్త పేరు పెట్టింది. బడిలో నా పేరు వేరు, ఆటలో పేరు వేరు. ఈ పేరుతో అవ్వ తప్ప ఎవరూ పిలవరు. పిలిస్తే రెండుసార్లు, మధ్యలో ఒక ఊపిరి తీసుకునేంత ఆగి. ఆ పేరు ఇక్కడ రాయను.

నాన్న నన్ను బస్సులో తీసుకెళ్ళి ఆ ఇంటి గేటు దగ్గర దింపి, లోపలికి కూడా రాకుండా తిరిగి వెళ్ళాడు. రెండంతస్తుల ఇల్లు. ఫోన్ తెరల మీద వెలుగు పడకూడదని కిటికీలన్నిటికీ నల్ల కాగితం అంటించారు. లోపల ఎప్పుడూ ఒకే ట్యూబులైటు, ఒకే చలి. బయట ఎండ కాస్తోందో, వాన పడుతోందో తెలియదు. ఆడే ఫోన్లు వాళ్ళిచ్చినవే. మన ఫోన్ పొద్దున ఒక ట్రేలో పెట్టేస్తే సాయంత్రం ఏడింటికి చేతికి వస్తుంది. ఐదుగురం, కోచ్ అక్క ఒకావిడ. కోచ్ అక్కది మదురై. నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలుగు రాదు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. మా ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరని ఎగిరానా, అక్కడ మొదటి రోజే ముక్కు నేలకు తగిలింది. మూడో రోజు కోచ్ అక్క నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి రికార్డింగు వేసింది. ఒకచోట జట్టులో అమ్మాయి "ఎడమ, మిద్దె మీద" అంటుంది, నేను గిరుక్కున తిరుగుతాను. ఇంకోచోట అదే అమ్మాయి ముందు నా ఆట పేరు పిలిచి, తర్వాత "ఎడమ" అంటుంది. నేను కదలను. మళ్ళీ పేరు పిలుస్తుంది. అప్పుడు తిరుగుతాను. ఈలోపు ఆటలో ఆ అమ్మాయి చచ్చిపోయి ఉంటుంది. కోచ్ అక్క అలాంటివి వరసగా వేసి చూపించింది. ప్రతిసారీ అంతే. పేరు లేకపోతే మెరుపు, పేరు వినపడితే మొద్దు.

"కాదు కేక్కలియా?" అంది అరవంలో, చెవులు వినపడవా అని. తర్వాత మెత్తగా, "చేతులు మంచివే. కానీ పిలిస్తే పలకని పిల్లను నేను జట్టులో పెట్టుకోలేను. ఇంకా వారం ఉంది," అంది.

నాకు వెంటనే అర్థమైంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మా ఇంట్లో పలకరు అక్కా, అది పిలుస్తుందని భయం, అని ఆవిడకు ఏ భాషలో చెప్పను?

మర్నాటి నుంచి అమ్మాయిలు నాతో పందెం వేసుకున్నారు. పళ్ళు తోముకుంటున్నప్పుడు, మెట్లు దిగుతున్నప్పుడు, నోట్లో ముద్ద ఉన్నప్పుడు పిలుస్తారు. మొదటి పిలుపుకే "ఆఁ" అనాలి. అనకపోతే ఆ పూట గిన్నెలు నావి. రెండు రోజులు ఆ ఇంటి గిన్నెలన్నీ నేనే తోమాను. ఆ మరుసటి రోజు స్నానాల గది బయట ఎవరో పిలిస్తే నా నోరు నన్ను అడక్కుండానే "ఆఁ" అంది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం తలుపు గడియ తీసిపెట్టి వచ్చినట్టు అనిపించింది. ఆ రోజంతా వీపు వెనక చల్లగా ఉంది.

సాయంత్రాలు అవ్వ ఫోన్ చేసేది. ఒకసారి మోగించి పెట్టేసి, మళ్ళీ మోగించేది.

"ఆడ నిన్ను ఎన్ని తూర్లు పిలుస్తుండారు సామీ?"

"రెండు తూర్లవ్వా."

"మంచివాళ్ళు," అనేది.

ఎనిమిదో రోజు. పక్క జట్టుతో ఆట. ఫోన్ మూలన గడియారం పన్నెండు దాటి కొన్ని నిమిషాలు చూపిస్తోంది. నేనొక గుట్ట కింద దాక్కుని ముందుకు గురి పెట్టి ఉన్నాను. ముగ్గురు అమ్మాయిలూ మాట్లాడుకుంటూ ఉన్నారు. ఏమైందో, ముగ్గురూ ఒకేసారి ఆగారు. ఆటలో చప్పుడు కూడా ఆగింది. మా మిల్లు యంత్రం ఆగినప్పుడు తోట ఎలా ఉంటుందో హెడ్‌ఫోన్ లోపల అలా అయింది.

అప్పుడు ఎడమ చెవిలో, కొంచెం వెనక నుంచి, అవ్వ గొంతు నన్ను పిలిచింది. ఆ పేరుతో. ఒక్కసారి.

"ఆఁ, వస్తుండా అవ్వా," అన్నాను.

అంటూనే ఎడమకు, వెనక్కి తిరిగాను. గుట్ట మీద నుంచి ఇద్దరు దిగుతున్నారు, నా వీపు మీదికే. ఇద్దరినీ పడగొట్టాను. ఆట గెలిచాం. అమ్మాయిలు నా మీద పడి అరుస్తున్నారు, "వస్తుండా, వస్తుండా" అని నా మాటను వెక్కిరిస్తున్నారు. నేను హెడ్‌ఫోన్ లాగేసి వెనక్కి తిరిగి చూస్తున్నాను.

కోచ్ అక్క రికార్డింగు వేసింది. మైకులు దేనికది విడిగా రికార్డవుతాయి. ఒక్కొక్కటీ విప్పి వినిపించింది. ముగ్గురు అమ్మాయిల మైకుల్లోనూ ఆ క్షణాన ఏమీ లేదు. ఆటలో అడుగుల చప్పుడు లీలగా ఉంది. నా మైకులో నా జవాబు ఒక్కటే ఉంది.

"అడుగులు విన్నావు. చెవి కుదిరింది," అంది కోచ్ అక్క. "ఎవరికి పలికావు?"

"ఇంట్లో అలవాటు," అన్నాను. అంతకన్నా పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు. ఆ మధ్యాహ్నమే ఆ చోటు నాదని చెప్పేసింది.

ఏడింటికి ఫోన్ చేతికి రాగానే ఇంటికి కొట్టాను. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ రెండు రింగుల మధ్య నా ప్రాణాలు నాలో లేవు. అవ్వ ఎత్తింది. గొంతు మామూలుగానే ఉంది. చోటు దొరికిందని చెప్పాను. "పళనిమలకు వస్తానని మొక్కుకున్నా సామీ," అని మురిసిపోయింది. నేను ఉండబట్టలేక అడిగాను.

"మధ్యాన్నం నన్ను తలుచుకుంటివా అవ్వా? ఏమన్నా పిలిస్తివా?"



"నేను పిలవలే. నేనెప్పుడన్నా నిన్ను ఒక తూరి పిలిచిండానా?"

ఒకసారి అని నేను అనలేదు.

"పలికితివా?" అంది.

"లేదవ్వా."

"మంచిది," అంది అవ్వ, ఫోన్ పెట్టేసింది.

పది రోజులూ నిండాక, బట్టలు తెచ్చుకోవడానికి రెండు రోజులు ఇంటికి పంపారు. ఉడుమలైపేటలో దిగి, ఇంకో బస్సు ఎక్కి ఇల్లు చేరేసరికి మిల్లు అన్నాల వేళకు ఆగి ఉంది. నాన్న మిల్లులోనే ఉన్నాడు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. అవ్వ కనపడలేదు. పెట్టె మంచం మీద పెట్టి బట్టలు సర్దుతున్నాను. ఆ సంగతి మరిచిపోయాననే అనుకున్నాను. మూడు దినాలు దాటాయి, జ్వరం రాలేదు, నేను బాగానే ఉన్నాను.

వెనక వసారాలో నుంచి ఆ పేరు వినపడింది. ఒక్కసారి.

"ఆఁ, వస్తుండా," అన్నాను.

అన్నాకే తెలిసింది, ఒక్క పిలుపుకే పలికానని. వసారాలోకి వెళ్ళాను. అవ్వ అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఈసారి పిలిచింది ఆవిడే, కావాలనే ఒక్కసారి. నా మొహం చూసి మెల్లగా కింద కూర్చుంది.

"పలికినావు గదా," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. పందెం, గిన్నెలు, గుట్ట, ఎడమ చెవి. ఏడుపు ఆపుకోలేకపోయాను. అవ్వ నా తల ఒళ్ళో పెట్టుకుంది. దిష్టి తీస్తుందనుకున్నాను, పోవద్దంటుందనుకున్నాను. ఆ రెండూ చేయలేదు.

"దానికి నీ పేరు తెలిసిపోయె. నా గొంతు కూడా తెలిసిపోయె," అంది. "పోవాలని ఆశపడితివి, పో. నీకు అన్నం పెట్టే పని అది. కానీ ఇంకమీదట నేను ఆ పేరు ఎత్తను. ఒక తూరి గానీ రెండు తూర్లు గానీ, నా గొంతుతో ఆ పేరు వినపడితే అది నేను కాదు. తెలిసెనా?"

"అట్లా వద్దవ్వా," అన్నాను. "నువ్వు పిలవకుంటే ఎట్లా?"

"నేను చచ్చినా పిలవను సామీ," అంది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. నేను ఈ ఇంట్లోనే ఉన్నాను, నల్ల కాగితాల వెనక. మొదటి పిలుపుకు నా అంత చురుగ్గా తిరిగేవాళ్ళు జట్టులో లేరని కోచ్ అక్క కొత్తగా వచ్చినవాళ్ళకు నా రికార్డింగులు వేసి చూపిస్తుంది. అవ్వ సాయంత్రాలు ఫోన్ చేస్తుంది, సామీ అంటుంది, కన్నూ అంటుంది, తిన్నావా అంటుంది. ఆ పేరు మాత్రం అనదు. ఒక్కోసారి నాకు దుఃఖం ఆగక, ఒక తూరి పిలువవ్వా అని బతిమాలతాను. పిలవదు.

ఆ పేరుతో నన్ను పిలవడానికి ఇప్పుడు అదొక్కటే మిగిలింది. పిలిస్తే పలకకుండా ఉండటం నాకు చేతకాదు.