తొమ్మిదికి వరస తెలియదు

మా టైమ్‌కీపర్ సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. చేసినవాడు ఒకప్పటి మా కంపెనీ గుమాస్తా. సంస్మరణ సంచిక వేస్తున్నాడట. "నువ్వు మస్తు చదివినోనివి గదా, సారు గురించి నాలుగు మంచి ముక్కలు రాయి" అన్నాడు. రాస్తున్నాను. వేస్తాడో లేదో చూడాలి.

తొంభైల మొదట్లో ఒమాన్‌లోని రైసూత్‌లో మాదంతా ఒకే క్యాంపు. సారు గోదావరి జిల్లాలో లెక్కల మాస్టారుగా చేసి వచ్చిన మనిషి. ఎవరికి లేబర్ కార్డు వచ్చినా ముందు ఆయనకే చూపించేవాళ్లం. నంబర్‌ని జాతకంలా చదివేవారు. నాది చూసి కుర్చీలోంచి లేచారు. 61483752.

"ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక్కోటీ ఒక్కసారే వచ్చిందయ్యా! పైగా పదకొండుతో భాగిస్తే శేషం లేదు. దీనికి దిష్టి తియ్యాలి" అన్నారు. క్యాంపంతా నవ్వింది.

కార్డు నంబర్లు మస్కట్ ఆఫీసు నుంచి ఫోన్‌లో వచ్చేవి. గుమాస్తా రిజిస్టర్‌లో రాసుకుని, అంకెలు కూడి, తొమ్మిదితో భాగించి, శేషం తిరిగి చెప్పాలి. అక్కడివాళ్ల శేషంతో కలిస్తే సరిగా రాసినట్టే. సారు పెట్టిన పద్ధతి అది.

ఒక మధ్యాహ్నం పోలీసులు నన్ను రోడ్డు మీద ఆపి, కార్డు సరిచూడ్డానికి జీపులో మా కంపెనీ ఆఫీసుకు తెచ్చారు. రిజిస్టర్‌లో నా పేరు ఎదుట 61438752 ఉంది. వారం ముందే మా క్యాంపులో ఇద్దరిని దొంగ కార్డులని పట్టుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు.

"ఎవడిచ్చిండ్రా నీకీ కార్డు? ఒకటి నుంచి ఎనిమిది దాకా మంచిగ పేర్చిండు. గిసొంటి నంబర్ ఉంటదా?" అన్నాడు గుమాస్తా.

"నాకేం తెల్వదన్నా. రోజూ డ్యూటీకి వస్తున్న గదా" అని ఏడ్చాను. అతను నవ్వాడు. నేను మరిచిపోలేదు.

కబురంది సారు వచ్చారు. పోలీసుల ముందు నోరు విప్పితే తన వీసాకే ముప్పని ఆయనకూ తెలుసు. అయినా రిజిస్టర్ తీసుకుని గుమాస్తా వైపు తిరిగారు.

"నువ్వు రాసిందీ అవే అంకెలు కదా బాబూ. ఈ ఎనిమిదింటినీ ఎలా పేర్చినా కూడితే ముప్ఫై ఆరే, శేషం సున్నాయే. తొమ్మిదికి వరస తెలియదు. ఆ సంగతి నీకు చెప్పకపోవడం నా తప్పు."

మేనేజర్‌కి తన వచ్చీరాని హిందీలో కాగితం మీద చూపించారు. కార్డు నంబర్‌లో అంకె విడిచి అంకె కూడితే రెండు వైపులా పద్దెనిమిదే, పదకొండుతో శేషం లేకుండా పోతుంది. రిజిస్టర్‌లోది ఇరవై మూడు, పదమూడు. పోదు. ఇతని నంబర్ పదకొండుతో పోతుందని కార్డొచ్చిన రోజే అందరూ విన్నారు, మస్కట్‌కి ఫోన్ చెయ్యండి అని బతిమాలారు.

తర్వాత లెక్కల పుస్తకాలు చాలా చదివాను. అడక్కుండానే తన తప్పు ఒప్పుకున్న లెక్కల మనిషిని ఆయన్నొక్కరినే చూశాను. అంకెలు తారుమారు చేసినవాడు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మేనేజర్ మస్కట్‌కి ఫోన్ కలిపి, విన్నది విన్నట్టు పైకి అంటున్నాడు. "ఛే... ఏక్... చార్..." లైన్ గరగరలాడింది. పోలీసు చెయ్యి నా భుజం మీదే ఉంది. సారు వేలు రిజిస్టర్‌లో నాలుగో అంకె మీద ఆని ఉంది.

"ఆఠ్."

ఎనిమిది. అది విన్నాక కూడా ఆయన వేలు తీయలేదు. దాని కింద తప్పుగా రాసిన మూడు, చెమటకు తడిసి, నీలంగా కాగితమంతా పాకుతోంది.