అమ్మవారికి పెట్టిన ఆకుపచ్చ చీర

మా చిన్నప్పుడు పొద్దుగూకే వేళ అమ్మ పని నుంచి వస్తుంటే, మనిషి కంటే ముందు మెరుపు కనిపించేది... చేతుల మీద, రెప్పల మీద, కొప్పులో అంతా కాకిబంగారం పొడి. ఎంత కడుక్కున్నా పోదు. మాకు కలిపిపెట్టే సద్దన్నంలో కూడా ఒకటీ అరా రేకు తళుక్కుమనేది.

గూడూరుకు పడమట ఒక మైకా గని... మైకా అంటే ఆ కాకిబంగారమే. మా అమ్మ రవణమ్మ అక్కడి షెడ్డులో పనిచేసేది. మగవాళ్ళు గనిలోంచి లావుపాటి పుస్తకాల్లాంటి దిమ్మలు తెచ్చి పడేస్తే, ఆడవాళ్ళు చిన్న కత్తితో పొరలు విడదీసి, కొడవలితో అంచులు కోసి, మచ్చను బట్టి వేరుచేయాలి. అమ్మ ఒక రేకును వెలుతురుకు ఎత్తి, "ఇది మొన్నటి దిమ్మకు చెల్లెలు" అనేది. అడిగితే రెండూ ఒకే గోడవని తేలేది కూడా...

గనిలోకి మాత్రం ఆడది దిగకూడదు. సర్కారు చట్టం కూడా అదే అంటుందని తర్వాత ఎప్పుడో చదివాను. మావాళ్ళకు ఆ చట్టం తెలియదు. "ఆడది దిగితే కాకిబంగారం దాక్కుంటుంది." అదే వాళ్ళ చట్టం. గని అంచున పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది... గని అమ్మవారు. చెప్పులు విడిచి, ఆమెకు మొక్కి, మగవాళ్ళు నిచ్చెన దిగేవాళ్ళు.

ఒక ఎండాకాలం సరుకు పడడం ఆగిపోయింది. తవ్వినకొద్దీ ఉత్త రాయి. వారంలో సరుకు పడకపోతే గని మూసేస్తామని పైనుంచి మాట వచ్చింది. గని మూస్తే షెడ్డూ మూతే. మేము మళ్ళీ కోట అనే ఊరి పక్కకు, వరినాట్ల కూలికి... నా మూడో తరగతి అక్కడితో సరి.

అమ్మ మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. నేను కొంగు పట్టుకుని వెనకే ఉన్నాను.

"మేస్త్రన్నా, ఒక్కసారి నన్ను దిగనీ. గోడలు చూసి చెప్తా."

"ఏందిమే! పొయ్యి కాడ కూర్చోనుండేదానివి, పాతాళం చూస్తావా? నువ్వు దిగితే ఉండేది గూడా పోతాది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది... ఆ మంట ఇప్పటికీ ఆరలేదనుకోండి.

ఆ సాయంత్రం అమ్మ తన తమ్ముడు పెంచలయ్య మామతో ఒక మాట చెప్పింది. మామ గనిలో రాళ్ళు కొట్టేవాడు. "నాలుగు గోడల రాళ్ళు నాలుగు తట్టల్లో ఏరే ఏరేగా, పైరాళ్ళు పైన, అడుగురాళ్ళు అడుగున పెట్టి పంపించరా. సముద్రం పక్కకు, తూరుపుకు, ఉండే మొగాన బొగ్గుతో గీత పెట్టు."

"ఎందుకక్కా, ఇల్లు కడతావా?"

"గని కడతా."

నిజంగానే కట్టింది. మరునాడు మధ్యాన్నం అందరూ అన్నాలకు లేచినప్పుడు, షెడ్డు వెనక నేల మీద ఆ రాళ్ళను నాలుగు వైపులా పేర్చింది. బొగ్గు గీతలన్నీ సముద్రం వైపే. గని లోపలి నాలుగు గోడలూ ఎండలో మా కాళ్ళ ముందు... అమ్మ మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో రాయినీ తడిమింది. కొండ పక్క గోడ రాళ్ళ దగ్గర ఆగిపోయింది. పైరాళ్ళలో గోరంత రేకులు, అడుగు రాళ్ళలో అరచేయంత. పక్కనే, కాకిబంగారాన్ని అంటిపెట్టుకుని ఉండే తెల్లటి పలుగురాయి.

"కిందకి పోనూపోనూ రేకు వెడల్పు అవతా ఉండాది చూడు. వీళ్ళేమో సముద్రం పక్క తవ్వి చస్తా ఉండారు. కొండ పక్క గోడ మొదట్లో తవ్వాల."

"నేను చెప్తే మేస్త్రీ వింటాడా? నువ్వు చెప్పినావంటే అసలు వినడు" అన్నాడు మామ.

అమ్మ చేతులు దులుపుకుంది. "అయితే అమ్మవారు నీ కలలో చెప్పిందని చెప్పు."

ఆడదాని మాట వినని మేస్త్రీ అమ్మవారి మాట విన్నాడు! మరునాడే కొండ పక్క గోడ మొదట్లో పలుగు వేశారు. మూడో రోజున తలగడంత దిమ్మ పైకి వచ్చింది. గని నిలిచింది. షెడ్డు నిలిచింది. నా బడి నిలిచింది.

మేస్త్రీ అందరినీ పిలిచి, టెంకాయ కొట్టి, ఆ రాయికి ఆకుపచ్చ చీర చుట్టాడు. జరీ అంచు... "తల్లీ, నువ్వు చెప్పబట్టి బతికినాం" అని సాష్టాంగపడ్డాడు.

నేను ఆగలేకపోయాను. "చెప్పింది అమ్మవారు కాదు, మా..." అనేలోపు అమ్మ అరచేయి నా నోటిని మూసేసింది. పెదాల నిండా కాకిబంగారం. అమ్మ ఆ చీరను చూస్తూ, "అంచు బాగుండాది" అంది. అంతే.

పదహారేళ్ళకు నేను కార్మిక సంఘాల కరపత్రాల్లో పడ్డాను. దొరికినదల్లా చదివాను. ఏది తీసినా "కార్మిక సోదరులారా" అనే మొదలు. ఒకటి అమ్మకు చదివి వినిపిస్తే, "మీ మామకి రాసినట్టుండారు, పోయి ఇచ్చిరా" అంది. కోపంతో దాన్ని చించేశాను. చించకుండా ఉండాల్సింది... లోపలంతా మంచి మాటలే.

ఆ గని ఇప్పుడు లేదు. మిషన్లు ఎత్తుకుపోయారు, గుంటలో నీళ్ళు నిలిచాయి. అమ్మ గూడూరులో వేరే షెడ్డుకు వెళ్తోంది. మొన్న ఇద్దరం అటుగా వెళ్ళినప్పుడు అంచున నిలబడి లోపలికి చూసింది. దిగొద్దనేవాడు ఎవడూ లేడు... దిగడానికి గని లేదు. "కొండ పక్క సరుకు ఇంకా ఉండాదే" అని మాత్రం అంది.

మన ఊరి చదువుగది గోడకు నేను అంటిస్తున్న ఈ కాయితం సంగతి అమ్మకు తెలియదు. ఆ రోజు ఆమె మూసిన నోరే ఇవాళ చెబుతోంది. కింద చోటు వదిలాను, పెన్సిలు దారానికి కట్టాను... మీ ఇంట్లో ఎవరి మాట అమ్మవారి మాటగా చెల్లిందో, ఆమె పేరు రాసిపోండి.