పసుపు సంచి కుట్టు

నాకు చదువు అంతంతమాత్రం. బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతున్నాను, నా మనవరాలు రాస్తోంది.

భర్త పోయాక జక్రాన్‌పల్లి దగ్గరి మా ఊరు విడిచి, ఇద్దరు పిల్లలతో బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీ పక్క బస్తీకి వచ్చాను. గోదాంలో చక్కెర సంచుల మూతులు కుట్టే పని దొరికింది. చెరకు ఆడినన్నాళ్లే పని. మళ్లీ చెరకు బండ్లు వచ్చే రోజులకు, గోదాం కూలీలను పనిలో పెట్టుకునే జమేదారు బస్తీలోకి వచ్చి, కావలసిన వాళ్ల వాకిట ఆగి పిలిచేవాడు. ఎవరి వాకిలి దాటిపోతాడో వాళ్లకు ఆ ఏడు పని లేనట్టే. ఎందుకని చెప్పేవాడు కాదు, అడిగేవాళ్లూ లేరు.

జమేదారు నోరు పెద్దది. ఒక హమాలీ మూటల మీద కునుకు తీస్తే గోదాం దద్దరిల్లేలా అరిచేవాడు.

"ఏంరా, అత్తగారింటికి వచ్చినవా? గొంగడి కప్పాల్నా?"

ఆ హమాలీ నవ్వుకుంటూ లేచి మూట ఎత్తుకునేవాడు. నన్ను మాత్రం జమేదారు ఒక్క మాట అనలేదు. మిగతా ఆడవాళ్లకు దూరంగా, గాలి వస్తుందని తలుపు పక్కన కూర్చోబెట్టాడు. "మంచిగ కుడుతున్నవ్, చెల్లె" అని దాటిపోయేవాడు. నాకు పని వచ్చేసిందనుకున్నాను. వచ్చే సీజన్‌కూ పిలుస్తాడన్న ధైర్యంతో పిల్లలను అక్కడి బడిలోనే వేశాను.

సీజన్ అయిపోవస్తోంది. ఒక సాయంత్రం ఇంటిదారి పట్టి, సద్దిగిన్నె మరిచానని వెనక్కి వెళ్లాను. మా పక్కింటామె గోదాంలో ఒక్కతే కూర్చుని సంచుల కుట్లు విప్పుతోంది. అవి నా సంచులే. నేను వేసే ముడి నాకు తెలుసు.

"అక్కా, ఏం జేస్తున్నవ్?"

ఆమె దబ్బనం కింద పెట్టింది. "నీ కుట్లల్లకెళ్లి శక్కర కారుతది, చెల్లె. నువ్వు పోయినంక రోజూ గివి విప్పి మళ్ల కుడుతున్న. నీకు చెప్పొద్దన్నడు జమేదారు."

"అందరికీ ఎరుకేనా?"

"నీకు తప్ప."

"నువ్వన్న చెప్పొద్దా?"

"చెప్తే నాకీ పని ఉంటదా?"

నేనూ అక్కడే కూలబడి ఆ కుట్టు చూశాను. మా పుట్టింట్లో పసుపు పండేది. పసుపు కొమ్ము వేలంత ఉంటుంది, ఎంత ఎడంగా కుట్టినా రాలదు. పైగా నిజామాబాద్ గంజ్‌లో సేటు సంచి మూతి విప్పి, కొమ్ము విరిచి చూస్తేనే బేరం. బిగించి కుడితే విప్పలేక విసుక్కునేవాళ్లు. అందుకే మా అమ్మ ఎడంగా కుట్టడం నేర్పింది. ఆ చేత్తోనే చక్కెరకూ కుట్టాను. ఇంకో తీరు ఉంటుందని నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నే జమేదారు ముందు నిలబడ్డాను.

"అన్నా, వచ్చే సీజన్‌కు నన్ను పిలుస్తవా?"

"సూద్దాం తియ్యి, చెల్లె."

"సూసుడేంది? నా సంచులు ఇప్పిస్తున్నవు కదా!"

అతను అటూ ఇటూ చూశాడు. "మెల్లగ, మెల్లగ. మొగడు పోయిన దుఃఖంల ఉన్నవు. ఏమన్న అంటే ఏడుస్తవని ఊకున్న. సీజన్ అయిపోతే నీ అంతల నువ్వే పోతవనుకున్న."

"ఏడిస్తే కండ్లు తుడుసుకుంట. నువ్వు పిలువకపోతే పిల్లలకేం పెట్టాలె? గా హమాలీ అన్నను రోజూ తిడ్తవు, ఆయన ఏటేటా వస్తనే ఉన్నడు. నన్ను గూడ తిట్టు. తప్పు ఏడుందో తిట్టుకుంటనే చెప్పు."

మూట కింద నుంచి ఆ హమాలీ అందుకున్నాడు. "అక్కా, తిట్లు గావాల్నంటె నా వంతు గూడ తీస్కో!"

గోదాం అంతా నవ్వింది. జమేదారూ నవ్వాపుకోలేక దబ్బనం తీసుకుని, సంచి మూతి మడిచి దగ్గర దగ్గరగా కుట్టి చూపించాడు. "మా పుట్టింట్ల పసుపు సంచులకు ఎడంగ కుడుతం, అన్నా" అని చెప్పి, తరువాత నేను కుట్టాను.

"గిదేం కుట్టు? గిండ్లకెళ్లి పిల్లి దూరుతది! ఇప్పు!"

ఆ అరుపు వినగానే నా ప్రాణం కుదుటపడింది. విప్పి మళ్లీ కుట్టాను. పిల్లి పోయి ఎలుకకు వచ్చింది, ఎలుక పోయి చీమకు వచ్చింది. అప్పుడు వదిలాడు. పక్కింటామె మాత్రం కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. విప్పి కుట్టే పని పోయింది కదా.

జమేదారు చెడ్డవాడని ఇప్పటికీ అనను. నా మీద జాలిపడ్డాడు. ఆ జాలితోనే నా పిల్లల నోటి కాడి ముద్ద పోయేదని అతనికి తట్టలేదు.

గానుగ ఆగింది. వానలు వచ్చి పోయాయి. చెరకు బండ్ల చప్పుడు మొదలైన రోజు, పని ఏమీ లేకపోయినా వాకిట్లో చేట పట్టుకుని కూర్చున్నాను. జమేదారు పక్కింటి ముందు ఆగాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"ఓ పసుపు సంచీ! రేపటి సంది రా. ఈసారి శక్కర కారిందో, సూడు మళ్ల!"

"కారితే తిట్టు అన్నా, వస్త" అన్నాను.