ఎండ పడని ఇంట్లో మిరప నారు

2022 జూన్ మొదటి వారంలో, ఎండ ఇంకా తగ్గని ఒక మధ్యాహ్నం, నంద్యాలలోని నా ఎలక్ట్రికల్ షాపుకు దేవదానం అనే పెద్దాయన వచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరై ఆళ్లగడ్డలో ఉంటున్నాడు. చేతిసంచిలోంచి పలకలాంటి లైటు ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు. ఇంట్లో మొక్కలు పెంచడానికి వాడే గ్రో లైట్ అది. వెలిగిస్తే ఊదారంగు వెలుగు వస్తుంది. ఆన్‌లైన్లో తెప్పించాడట. ఇది కాకుండా మంచిది కావాలన్నాడు.

ఇరవై రెండేళ్లుగా బల్బులు అమ్ముతున్నాను గానీ మొక్కల కోసం లైటు అడిగినవాళ్లు అంతకు ముందు లేరు. బండలు పగిలే ఎండ కాసే మా సీమలో మొక్కకు దీపం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ మాటే అడిగాను, కొంచెం నవ్వుతూనే.

ఆయన నవ్వలేదు. "ఎండ పడనిది మొక్కకు కాదప్పా, మా ఆమెకు" అన్నాడు.

ఆయన భార్య సులోచనమ్మ ఇంటి వెనక స్థలంలో ఏళ్ల తరబడి మిరప, వంకాయ, టమాటా నారు పోసి అమ్మేది. చుట్టుపక్కల రైతులు ముందే చెప్పి పెట్టుకునేవాళ్లు. రెండేళ్ల కిందట ఆమె ముఖం మీద ఎర్రటి మచ్చలు లేచాయి, కీళ్లు వాచాయి. కర్నూలులో డాక్టరు లూపస్ అన్నారు. శరీరం తన మీద తానే తిరగబడే జబ్బు అది. ఎండ తగిలితే ముదురుతుందని, పగటిపూట బయటికి రావద్దని చెప్పారు. కిటికీలకు మందపాటి తెరలు పడ్డాయి. నారుమడి ఎండిపోయింది. ఆ వేసవిలో సులోచనమ్మకు పట్టుదల వచ్చింది: బయట కాకపోతే లోపలే, నడిమింట్లో ట్రేలు పెట్టి పోస్తానంది. అందుకే దేవదానం ఆ లైటు తెప్పించాడు. మూడు వారాల్లో రెండు సంగతులు జరిగాయి. నారు పాలిపోయి పడిపోయింది. నెలల తరబడి అణిగి ఉన్న మచ్చలు మళ్లీ లేచాయి.

"లైటు వల్లనో, ఇంకేంటి వల్లనో తెల్దు. ఆమె మాత్రం నారు పోసేది నిలపనంటాది" అన్నాడు.

ఆ మాటతో నాకు లైటును విప్పి చూడాలనిపించింది. డబ్బా మీద వంద వాట్లని ఉంది. వాట్ మీటరు పెడితే పద్దెనిమిది చూపించింది. 'ఫుల్ స్పెక్ట్రమ్' అని కూడా రాసి ఉంది. సూర్యకాంతిలోని అన్ని రంగులూ ఉన్నాయని దాని అర్థం. అన్నీ అంటే ఎక్కడిదాకా అన్నది మాత్రం రాయలేదు. వెలుగునిచ్చే చిన్న గింజల్లాంటి ఎరుపు, నీలం చిప్‌ల మధ్య నాలుగు చిప్‌లు వెలిగీ వెలగనట్లు ఉన్నాయి. మిగతావాటి మీద నల్ల టేపు అంటించి, ఆ నాలుగింటి దగ్గర ఐదువందల నోటు పట్టుకున్నాను. నోటు మీది నంబరు తళుక్కున మెరిసింది. దొంగనోట్లు పట్టే మిషన్లో మెరిసేది ఇలాగే. అంటే అందులోంచి యూవీ వస్తోంది. ఎండలో ఉండి, కంటికి కనపడకుండా చర్మాన్ని కాల్చే కిరణం అది.

దేవదానం ఆ నోటు మీదికి వంగి చూశాడు.

"నేనే తెచ్చి పెట్టినా. దాని ముందరే కూర్చుంటాండె రోజూ" అన్నాడు.

షాపులోంచే డాక్టరుకు ఫోన్ చేయించాను. మచ్చలకు ఆ లైటే కారణమని తాను చెప్పలేనని, అయినా వెంటనే తీసేయమని డాక్టరు అన్నారట. యూవీ లేని తెల్ల లైటు పెట్టుకోవచ్చుగానీ దానికి కూడా దగ్గరగా కూర్చోవద్దని, నెల తర్వాత వచ్చి చూపించుకోమని చెప్పారట.

ఇక్కడ నేను తప్పు చేశాను. తెల్ల ఎల్ఈడీ అంటే నీలం చిప్ మీద పసుపురంగు రసాయనం పూత. అందులో యూవీ దాదాపు ఉండదు. ఆ సంగతి తెలుసు కాబట్టి ఇరవై వాట్ల పెద్ద బల్బు ఒకటి ఇచ్చి, సీలింగుకు బిగించుకొమ్మన్నాను. గది నిండా పట్టపగల్లా ఉంటుందని కూడా చెప్పాను. పన్నెండు రోజులకు దేవదానం ఫోన్ చేశాడు. కొత్తగా పోసిన నారు దారాల్లాగా సాగి వాలిపోతోందట.

ఆదివారం షాపు మూసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. నడిమింట్లో బల్బు ధగధగా వెలుగుతోంది. సులోచనమ్మ పొడుగు చేతుల జాకెట్టుతో, తలకు గుడ్డ చుట్టుకుని దూరంగా కూర్చుని ఉంది. నేను కూర్చోకముందే ఒక మొలకను వేళ్లతో పీకి నా అరచేతిలో పెట్టింది.

"నువ్వు వెలుగు మనిషికి ఇచ్చినావప్పా, మొక్కకు కాదు. చదువుకునేదానికి బాగుండాది ఈ గది. ఇవి మాత్రం వెలుగు యాడుందా అని ఎగబాకుతాండాయి" అంది.

ఇరవై రెండేళ్లుగా నేను డబ్బాల మీద చదివి వినిపించే ల్యూమెన్ అనే లెక్క అర్థం ఆ రోజు తెలిసింది. అది మనిషి కంటికి ఎంత వెలుగుగా కనిపిస్తుందో చెప్పే కొలత. ఆకుకు కావాల్సింది తన మీద ఎంత పడుతోందన్నది. బల్బుకు దూరం రెట్టింపైతే పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. సీలింగు నుంచి కింది ట్రే దాకా దిగేసరికి మిగిలేది చాలా తక్కువ.

మరుసటి వారం నాలుగు ఎల్ఈడీ బ్యాటెన్‌లు తీసుకుని మళ్లీ వెళ్లాను. బ్యాటెన్ అంటే ట్యూబ్‌లైటులాంటి పొడవాటి పట్టీ. ఈసారి ఒక్కొక్కటీ పరీక్షించి ఎంచాను. డబ్బా మీది వాట్లూ మీటరు చూపేవీ ఒకటే కావాలి. వేడిని లాగేసే అల్యూమినియం వీపు ఉండాలి. ఫోను కెమెరాలో చూస్తే నల్ల చారలు పాకకూడదు. చారలు వస్తే లోపల కరెంటును నిలకడగా ఇచ్చే డ్రైవర్ అనే భాగం నాసిరకమని అర్థం. చివరికి నోటు పరీక్ష. అన్నీ దాటినవాటిని చెక్క స్టాండుకు గొలుసులతో, నారుకు జానెడు ఎత్తులో వేలాడదీశాను. మొక్క పెరిగే కొద్దీ గొలుసు ఒక్కో కొక్కెం పైకి వేసుకోవచ్చు. వెలుగు ఆమె ముఖం మీద పడకుండా ముందు అట్టలు అడ్డం కట్టాం. ఆమె నీళ్లు పెట్టే వేళకు లైట్లు ఆరిపోయేలా టైమర్ పెట్టాను.

రెండు వారాలకు ఆమె స్వయంగా ఫోన్ చేసింది. మళ్లీ పోసిన నారు పొట్టిగా, పచ్చగా లేచిందట. నేను సంతోషించేలోపే, "ఎండ ఇచ్చినావు సరే. గాలి యాడ?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె విడమరచి చెప్పింది. బయట గాలికి ఊగి ఊగి కాండం గట్టిపడుతుంది. ఇంట్లో కదలకుండా నిలబడిన మొక్క చూడ్డానికి బాగుంటుందిగానీ చేలో నాటితే నిలవదు. అందుకని ఆమె పొద్దున, సాయంత్రం లైట్లు ఆరాక అరచేతితో నారు కొసలను నిమురుతోందట. చిన్న ఫ్యాన్ ఒకటి పంపమంది. ఏ గ్రో లైట్ డబ్బా మీదా ఈ ముక్క లేదు.

ఆగస్టులో ఒక సాయంత్రం చూసిపోదామని వెళ్లాను. అప్పటికి దేవదానం రోజూ ట్రేలను కాసేపు బయట పెట్టి, మళ్లీ లోపలికి తెస్తూ నారుకు ఎండ అలవాటు చేస్తున్నాడు. ఎంతసేపు ఉంచాలో, ఎప్పుడు తీయాలో తెర వెనకనుంచి ఆమె చెబుతోంది. నేను ఉండగానే పక్క పల్లె రైతు ఒకాయన వచ్చాడు. ఒక మొక్కను లేపి వేళ్లు చూశాడు, కాండాన్ని వంచి వదిలాడు. ఎవరు పోసిన నారని అడిగాడు. దేవదానం కిటికీ వైపు చూపించాడు.

"అక్కా, మళ్లా మొదలు పెట్టినావా?" అన్నాడు రైతు తెర వైపు తిరిగి.

"పెట్టినాలే. సాయంత్రం పూట నాటుకో. నీళ్లు తక్కువ చేసి, ఎండినంక నన్ననొద్దు" అని లోపలినుంచి జవాబు వచ్చింది.

దేవదానం ట్రేలు మోస్తూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పటికి ఆమె మచ్చలు చాలావరకు అణిగాయి. లైటు తీసేసినందుకా, మందులకా అన్నది డాక్టరు తేల్చి చెప్పలేదు, నేనూ చెప్పలేను. ఇప్పుడు గ్రో లైట్ల కోసం నెలకు ఒకరిద్దరు నా దగ్గరికి వస్తుంటారు. ఎన్ని వాట్లని వాళ్లు మొదలుపెడతారు. ఏ మొక్క, ఎంత ఎత్తులో కడతారు, ఆ గదిలో ఎవరు కూర్చుంటారు అని నేను అడుగుతాను. తెలియనిది ఉంటే తెలియదనే చెప్పి, కనుక్కుని అమ్ముతాను. వెలుగు గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి, ఆ వెలుగుకే దూరంగా తెర చాటున కూర్చుని ఉండవచ్చని నాకు ఆళ్లగడ్డలో తెలిసింది.