ప్రభాకర్ గారి గొంతు దాచిన మెషీన్

2023 చలికాలం. దేశ రాజధానిలోని మునిర్కాలో మెట్లు దిగి వెళ్లే ఒక బేస్‌మెంట్ గది నా దుకాణం. కరీంనగర్ నుంచి సివిల్స్ రాయడానికి వచ్చి, పరీక్షలు నన్ను వదిలేశాక కంప్యూటర్లు విప్పే పనిలో పడ్డాను. ఆడమనిషి చేతిలో స్క్రూడ్రైవర్ చూసి మొదట్లో "భయ్యా కహాఁ హైఁ?" అని అడిగేవారు. భయ్యా లేడు, ఉన్నది నేనేనని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టేది.

నా దగ్గరికి ఎక్కువమంది హ్యాకింటాష్ కోసం వచ్చేవారు. బజారులో దొరికే మామూలు విడిభాగాలతో పీసీ కట్టి, ఖరీదైన మ్యాక్ కంప్యూటర్లలోనే నడవాల్సిన మ్యాక్ ఓఎస్‌ను అందులో నడిపిస్తే దాన్ని హ్యాకింటాష్ అంటారు. ఆ ఓఎస్ చేసే కంపెనీ దీనికి ఒప్పుకోదు. మెషీన్ చెడితే మొరపెట్టుకోవడానికి ఏ గుమ్మమూ ఉండదు. ఆ మాట ముందే చెప్పి, సరేనన్నవాళ్లకే కట్టేదాన్ని. కిటుకంతా ఈఎఫ్ఐ అనే చిన్న ఫోల్డర్‌లో ఉంటుంది. మెషీన్ ఆన్ చేయగానే ముందుగా నడిచేది అదే. 'నువ్వున్నది అసలైన మ్యాక్‌లోనే' అని ఓఎస్‌ను నమ్మించేది కూడా అదే. అలా నమ్మించడానికి ఒక సీరియల్ నంబర్ కావాలి. లోకంలో ఏ మెషీన్‌కూ లేని నంబర్ ఒకటి తయారుచేసి, అది ఎవరిదీ కాదని సరిచూసుకుని మరీ పెట్టాలి. మా పనిలో మడి అంటే ఇదే.

ప్రభాకర్ గారిది కాకినాడ. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరై సాకేత్‌లో స్థిరపడ్డారు. గొంతులో క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేయాలని డాక్టర్లు చెప్పేశారు.

"ఆపరేషన్ అయ్యాక ఇంక మాటుండదమ్మాయ్," అన్నారు, రేపు నీళ్లు రావని చెప్పినంత మామూలుగా. "మా ఆవిడ పంజాబీ. మా ఇంట్లో తెలుగంటే నా నోరే. మా అమ్మాయికి అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం హిందీలోనే. నా నోరు పడిపోతే ఆ ఇంట్లో తెలుగు పడిపోయినట్టే. అంచేత ముందే మాట్లాడి పెట్టేద్దామని."

ఆయన కూతురు రీతిక గురుగ్రామ్‌లో ఒక ఆఫీసులో ఆడియో ఎడిటింగ్ చేస్తుంది. ఆమెకు చేతనైన సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లోనే నడుస్తుంది. తండ్రి చెబుతుంటే ఆమె శుభ్రం చేసి దాచాలని వాళ్ల ఆలోచన. అసలు మ్యాక్ కొనే ఓపిక ఆసుపత్రి బిల్లులు వాళ్లకు మిగల్చలేదు. అందుకే నా దగ్గరికి వచ్చారు.

కట్టి ఇచ్చాను. అది బుద్ధిగా పనిచేసింది. ఆయన నాలుగైదు రోజులకోసారి ఫోన్ చేసి ఏం రికార్డ్ చేశారో చెప్పేవారు. చిన్నప్పటి సంగతులు, వాళ్లమ్మ పులుసు పెట్టే పద్ధతి, చుట్టాల పేర్లు, వాళ్ల గొడవలు. ఒకరోజు తిట్లన్నీ చెప్పారట.

"తిట్లెందుకు సార్?" అన్నాను.

"తిట్టడం రాకపోతే తెలుగెలా వచ్చినట్టమ్మా?" అని నవ్వారు. ఆ నవ్వులో అప్పటికే గర్‌మనే చప్పుడు ఉంది. ఆపరేషన్ రోజు దగ్గరపడ్డాక ఫోన్లు ఆగిపోయాయి.

ఎండలు మొదలయ్యాక తండ్రీ కూతుళ్లిద్దరూ కంప్యూటర్ క్యాబినెట్‌ను ఆటోలో పెట్టుకుని వచ్చారు. ఆయన మెడకు పల్చటి గుడ్డ ఉంది. నన్ను చూసి నమస్కారం పెట్టి, స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో తెలుగులో టైప్ చేసి చూపించారు: 'బాగున్నావా అమ్మాయ్'. బాగున్నాను సార్ అన్నాను. ఆ జవాబుకు సిగ్గేసింది.

జరిగింది ఇది. ఆయన ఆసుపత్రిలో ఉండగా ఓఎస్‌కు కొత్త వెర్షన్ వచ్చిందని తెర మీద కబురు వచ్చింది. రీతిక నొక్కింది. అసలు మ్యాక్‌లో ఆ నొక్కుడుకు ఏమీ కాదు. హ్యాకింటాష్‌లో ముందు ఈఎఫ్ఐని సిద్ధం చేసుకోకపోతే మెషీన్ మధ్యలోనే చతికిలబడుతుంది. ఈ అమ్మాయి ఆన్‌లైన్ గ్రూపులో వెతికి, అదే మదర్‌బోర్డు ఉన్న మరెవరిదో ఈఎఫ్ఐ ఫోల్డర్ మొత్తంగా తెచ్చి పెట్టుకుంది. మెషీన్ లేచింది. హమ్మయ్య అనుకుంది.

"ఎవల ఫోల్డరమ్మా ఇది? లోపల నంబర్ మార్చినవా?" అన్నాను.

"నంబర్? కౌన్‌సా నంబర్, దీదీ?"

నాకు ఒళ్లు మండింది. అరువు సొమ్ము బరువు చేటు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ ఫోల్డర్‌లో, దాన్ని గ్రూపులో పెట్టినవాడి సీరియల్ నంబర్ అలాగే ఉంది. ఆమెకన్నా ముందు ఇంకెందరు దాన్ని అలాగే వాడారో. ఒకరి పళ్లసెట్టు ఊరందరూ పెట్టుకున్నట్టు. ఆ నంబర్‌తో ఈమె, ఓఎస్ కంపెనీ దగ్గర తండ్రి పేరున ఉన్న క్లౌడ్ అకౌంట్‌లోకి వెళ్లగానే కంపెనీవాళ్ల కంప్యూటర్‌కు అనుమానం వచ్చి అకౌంట్‌కు తాళం పడింది. తిట్టడానికి నోరు తెరిచాను గానీ, ఆయన స్టూలు మీద నుంచి చూస్తున్నారు. మూసుకున్నాను.

అకౌంట్ పోతే పోయింది, ఫైళ్లు డిస్క్‌లో ఉంటాయి కదా అనుకున్నాను. ఫోల్డర్ తెరిచాను. పేర్లన్నీ ఉన్నాయి. 'అమ్మ పులుసు', 'కాకినాడ ఇల్లు', 'తిట్లు'. ప్రతి పేరు పక్కనా చిన్న మేఘం గుర్తు ఉంది. డిస్క్ నిండుతుంటే ఓఎస్ పాత ఫైళ్లను క్లౌడ్‌లో, అంటే కంపెనీవాళ్ల కంప్యూటర్లలోనే ఉంచి, ఇక్కడ పేరు మాత్రం మిగులుస్తుంది. అసలు సరుకు తాళం అవతల ఉంది. డిస్క్‌ను అడుగు దాకా గాలించాను. అందులో ఉన్న ఎస్ఎస్‌డీ రకం డిస్క్‌లో ట్రిమ్ అని ఒకటి ఉంటుంది, తీసేసిన ఫైలు జాగాను వెంటనే తుడిచి పెడుతుంది. అది తన పని చక్కగా చేసింది.

కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టాను. అవతల ఒక అబ్బాయి మర్యాదగా హిందీలో మాట్లాడాడు. మెషీన్ సీరియల్ నంబర్ అడిగాడు. రీతిక నా వైపు చూసింది. అబద్ధం చెప్పడానికి మా దగ్గర సరైన అబద్ధం కూడా లేదు. ఉన్న నంబరే చెప్పాం.

"ఈ నంబర్ మీ పేరు మీద లేదు మేడం. కొన్నప్పటి బిల్లు పంపగలరా?"

నేనిచ్చిన బిల్లులో 'అసెంబుల్డ్ డెస్క్‌టాప్' అని ఉంది. ఉన్నదంతా విప్పి చెప్పాను. అతను పైవాళ్లకు రాస్తానన్నాడు. మేమూ రాశాం. ఆసుపత్రి కాగితాలు జతచేసి, గొంతు సంగతి వివరించి మళ్లీ మళ్లీ రాశాం. చివరికి వచ్చిన జవాబు రెండు వాక్యాలు. అకౌంట్ తెరవడం కుదరదు. ఇకపై ఈ విషయంలో ఉత్తరాలు వద్దు. వాళ్ల తప్పని అనలేను. దొంగ తలుపు చేసుకున్నది మేము, తాళం వాళ్లది.

ఆ కబురు చెప్పడానికి వాళ్లను పిలిచిన రోజు, చేతులు ఊరుకోక ఆఖరిసారి మెషీన్ అంతా వెతికాను. నేను కట్టే ప్రతి పీసీలో పరీక్షల కోసం నాకొక టెస్ట్ అకౌంట్ పెట్టుకుంటాను. దానికి క్లౌడ్‌తో సంబంధం ఉండదు. అందులో ఒక ఫైలు కనబడింది. మెషీన్ ఇచ్చిన రోజు మైకు పనిచేస్తుందో లేదో చూడటానికి ఆయన చేత మాట్లాడించింది.

"సార్, మిగిలింది ఇదొక్కటే," అని ప్లే చేశాను.

"ఆఁ... ఒకటి, రెండు, మూడు. ఏమమ్మాయ్, వినపడుతోందా? ఇంకాస్త గట్టిగా మాట్లాడమంటావా?"

రీతిక స్పీకర్ వైపు వంగింది. "హాఁ పాపా," అంది, చెప్పమన్నట్టు. "బోలియే నా."

స్పీకర్‌లో ఆయన గొంతు సవరించుకున్నారు. "అయితే ఒక సంగతి చెబుతాను విను. మా నాన్న..."

అక్కడ నా గొంతు వినిపించింది. "సాలు సార్. మైకు మంచిగనే ఉన్నది. ఇగ ఆపుండ్రి."

ఆ తర్వాత ఏమీ లేదు. మా నాన్న అని ఏం చెప్పబోయారు సార్ అని అడిగాను. ఆయన ఫోన్ తీసి, టైప్ చేయబోయి, ఆగి, తల అడ్డంగా ఊపారు. గుర్తు లేదనో, రాస్తే ఏం లాభమనో నాకు తెలియలేదు. రీతిక ఆ ఫైలు ఫోన్‌లోకి ఎక్కించుకుంది. మెషీన్‌ను నా దగ్గరే వదిలేసి, ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆ కేసు తర్వాత హ్యాకింటాష్ కట్టడం మానేశాను. ఏ మెషీన్ ఇచ్చినా, తిరిగి తెచ్చుకోలేనిది అందులో ఏం పెట్టబోతున్నారని అడిగి, దానికి విడిగా ఒక డిస్క్ నా చేత్తోనే తగిలించి ఇస్తున్నాను. మైకు పరీక్షించేటప్పుడు మనిషి తనంతట తాను ఆపేదాకా ఊరుకుంటున్నాను. కొందరు వాళ్ల ఇంటి సంగతులన్నీ చెబుతారు, వెనక గిరాకీ నిలబడి ఉంటుంది, అయినా ఆపను. నేర్చుకున్నది నేను. పోగొట్టుకున్నది ఆయన. నేను నేర్చుకున్నందువల్ల ఆ ఇంట్లో ఒక్క తెలుగు మాట కూడా తిరిగి రాలేదు.